చెన్నపురి పెరటిలో చంద్రుడు

చెన్నపట్టణమున నుంగంబాకములోని వాతావరణ కార్యాలయపు ఆవరణయందు ఒక రాతి స్తంభము కలదు. 1792వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు అచ్చట నక్షత్రశాలను కట్టించినప్పుడు దూరదర్శిని యంత్రమునకు ఆధారముగా దానిని నిలిపిరి. ఆ రాతిమీద చెక్కించిన వ్రాతలలో తమిళముతోపాటు తెలుగును కలదు. ఈ పట్టణమున గణితశాస్త్రమునకు పాదు కట్టిన సంగతి వేయి సంవత్సరముల తరువాతి వారికిని తెలియవలెనన్న కోరికతో చెక్కించిన శాసనమది. దానిని తెలుగులోగూడ చెక్కింపవలసివచ్చినదనగా, ఆనాటి చెన్నపురిలో తెలుగువారి ఉనికి ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నక్షత్రశాలలోని పండితులు నౌకల మార్గములకును దేశపటములకును పనికివచ్చుటకై గ్రహనక్షత్రములను పరిశీలించుచుండిరి. అదే పట్టణమున, ముత్యాలపేటలోను పెద్దనాయకునిపేటలోను ఉన్న తెలుగు ఇండ్ల పెరళ్ళలో, మన పెద్దలు అదే ఆకాశమును చూచి వేరొక లెక్క వేసికొనుచుండెడివారు. పొట్లపాదు ఎప్పుడు పెట్టవలెను, అరటిపిలక ఎప్పుడు నాటవలెను, పందిరికి వెదురు ఎప్పుడు నరకవలెను అన్నది ఆ లెక్క. మొదటి లెక్క చరిత్ర గ్రంథముల కెక్కినది. రెండవది నోటిమాటగానే మిగిలి, నేడు మన ఇండ్లలో తాతమ్మల తరముతో వెళ్ళిపోవుచున్నది. ఈ వ్యాసమున మేము ఆ రెండవ లెక్కను పరిశీలింప దలచితిమి. పెద్దలు చెప్పిన మాటలలో చంద్రునికి చెందినదెంత, సూర్యునికి చెందినదెంత, వారు విడిచివచ్చిన ఊరికి చెందినదెంత అని వేరుచేసి చూచినగాని, మన పిల్లలకు దేనిని అందింపవలెనో తేలదు.

ముందుగా కొలత సంగతి. తెలుగువారిది చాంద్రమానము, మన చుట్టునున్న తమిళులది సౌరమానము. అమావాస్య మొదలు అమావాస్య వరకు మనకొక నెల. సూర్యుడు ఒక రాశినుండి మరియొక రాశికి మారుట వారికి నెల. చంద్రుడు సూర్యునినుండి పండ్రెండు భాగలు దూరము జరుగుటకు పట్టిన కాలము ఒక తిథి. చంద్రుని నడక ఒకే తీరుగా నుండదు గనుక తిథి ఒకప్పుడు ఇరువది గంటలతో ముగియును, ఒకప్పుడు ఇరువదియారు గంటలు దాటును. ముప్పది తిథులు కలిసి సుమారు ఇరువదితొమ్మిదిన్నర దినములు. అట్టి నెలలు పండ్రెండైనచో 354 దినములు. సూర్య సంవత్సరమునకు పదునొకండు దినములు తక్కువ. ఆ లోటు పేరుకొని ఒక నెల అగునప్పటికి అధికమాసమును చేర్చి సరిదిద్దుకొందుము. ఈ రెండు మానములును ఒకే పట్టణమున పక్కపక్కనే నడచుట పాశ్చాత్య పండితులను ఆకర్షించినది. మన నక్షత్రశాలలో కొంతకాలము పనిచేసిన జాన్ వారెన్ 1825లో ఇచ్చటనే ప్రకటించిన ‘కాలసంకలిత’ మను గ్రంథమున తమిళుల లెక్కను తెలుగువారి లెక్కను విడివిడిగా వివరించెను. సి.పి. బ్రౌను సయితము మన సంవత్సరముల పట్టికలను 1850లో చెన్నపట్టణమున అచ్చొత్తించెను.

చంద్రునికిని చెట్టుచేమలకును సంబంధము కలదన్న తలంపు మన వాఙ్మయమున చాల పాతది. అమరకోశము చంద్రునికి చెప్పిన పేర్లలో ఓషధీశుడన్నది యొకటి. సస్యములకు రసమునిచ్చి పోషించువాడు సోముడన్న భావము భగవద్గీతలోను కలదు. తిరుమలలో బ్రహ్మోత్సవములకు ముందు అంకురార్పణము జరుగును. మన్ను తెచ్చి, పాలికలలో పోసి, నవధాన్యములు చల్లి మొలకెత్తింతురు. ఓషధులకు అధిపతి చంద్రుడు గనుక ఈ క్రియను రాత్రివేళ చేయవలెనని వైఖానస సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. మన పెండ్లిండ్లలో పాలికలు వేయుట ఇదే ఆచారమునకు గృహరూపము. కుటుంబము చెన్నపురికి వచ్చి ఎన్ని తరములైనను, పెండ్లినాడు మాత్రము ఈ మొలకలు మనలను విడువలేదు.

శాస్త్రగ్రంథములలో ఈ విషయమునకు ఎంత చోటు దక్కినదో చూతము. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమును కేటాయించెను. చెట్లు నాటుటకు తగిన నక్షత్రములుగా రోహిణి, మూడు ఉత్తరలు, మృగశిర, చిత్త, అనూరాధ, రేవతి, మూల, విశాఖ, పుష్యమి, శ్రవణము, అశ్విని, హస్త అందు పేర్కొనబడినవి. లెక్కించి చూచినచో ఇరువదియేడింట పదునాలుగు. చంద్రుడు ఇంచుమించు దినమునకొక నక్షత్రము చొప్పున నడచును గనుక, నెలలో సగము దినములు నాటుటకు మంచివే యన్నమాట. ఇది తోటమాలి చేతులు కట్టివేయు నియమము కాదు. పైగా ఆ అధ్యాయమున నక్షత్రముల ముచ్చట ఒక్క శ్లోకముతో ముగియును. తక్కినదానిలో నేలను మెత్తపరచు విధము, వేసవిలో ఉదయ సాయంకాలములు నీరు పోయుట, వానకాలమున నేల ఎండినప్పుడు మాత్రమే పోయుట, చెట్ల రోగములకు చికిత్స మున్నగునవి కలవు. చెట్టునకు చెట్టునకు ఇరువది హస్తముల ఎడము ఉత్తమమనియు, పదునారు మధ్యమమనియు, పండ్రెండు అధమమనియు చెప్పబడినది. ఆకాశమునకు ఒక పాలు ఇచ్చి, నేలకును నీటికిని మిగిలిన పాళ్ళన్నియు ఇచ్చినాడు శాస్త్రకారుడు. మన జ్ఞాపకమున మాత్రము నక్షత్రము నిలిచినది. ఎడము సంగతి జారిపోయినది.

ఇక ఇంటిమాటలకు వత్తము. పైకి ఎగబ్రాకు తీగలను, పూలమొక్కలను శుక్లపక్షమున పెట్టుమందురు; చంద్రునితోపాటు అవియు పెరుగునని భావము. నేలలోపల ఊరు దుంపలకు కృష్ణపక్షము మేలందురు. కలపను, వెదురును వెన్నెల తగ్గిన దినములలో నరికినచో పుచ్చు పట్టదందురు. అమావాస్యనాడు విత్తనము ముట్టవద్దందురు. ఇవి తెలుగువారికి మాత్రమే తోచిన మాటలు కావు. రోమను దేశపు కేటో క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున వ్రాసిన వ్యవసాయ గ్రంథమున కలపను క్షీణచంద్రుని దినములలో కొట్టుమని చెప్పియున్నాడు. ఒకరినొకరు ఎరుగని జనములు ఒకే మాట చెప్పుటకు కారణము సులభముగా ఊహింపవచ్చును. పెరుగుట, తరుగుట అన్న రెండింటిని ప్రతి మాసము కంటికి కట్టినట్లు చూపునది చంద్రబింబమొక్కటే. పెరుగవలసిన మొక్కను పెరుగు చంద్రునితో జతపరచుట మనుష్యుని మనస్సునకు సహజము.

అయితే చెన్నపురిలో నివసించు మనకు ఇచ్చట ఒక చిత్రమైన సందర్భము కనబడును. మన ఇండ్లలో అమావాస్య శుభారంభములకు పనికిరాదు. ప్రయాణము కట్టము, కొత్తపని మొదలుపెట్టము. మన పొరుగున నున్న తమిళ కుటుంబములలో పెక్కింటికి అమావాస్య నిండైన దినము. కొత్త దుకాణము తెరచుటకును, కొత్త పనికి పూనుకొనుటకును దానినే ఏరికోరి యెంచుకొందురు. ఒకే వీధిలో, ఒకే నేలలో, ఒక ఇంటివారు మానుకొన్న దినముననే పక్కింటివారు కొబ్బరిమొక్కను నాటుదురు. మూడునాలుగు వందల ఏండ్లుగా ఈ పరీక్ష మన కన్నులయెదుటనే జరుగుచున్నది. అమావాస్యనాడు నాటిన కొబ్బరి కాయక మానినదని గాని, దశమినాడు నాటినది రెండింతలు కాచినదని గాని ఈ పట్టణమున చెప్పుకొనుట మేము వినలేదు. ఇరుగుపొరుగుల ఆచారములను పరిహసించుటకు ఈ మాట చెప్పుటలేదు. శుభాశుభములు మనుష్యుల ఏర్పాటులనియు, వేళ్ళు వానిని ఎరుగవనియు చెప్పుటయే మా యుద్దేశము.

మరి మన రైతులు దేనిని నమ్మి విత్తిరి? ఇచ్చటనే తెలుగువారి తెలివి కనబడును. పండుగలకు చాంద్రమానమును పాటించిన మన జనము, సేద్యమునకు మాత్రము కార్తెలను పట్టుకొనిరి. కార్తెల పేర్లు చంద్రుని నక్షత్రముల పేర్లే. కాని అవి చంద్రుని లెక్క కాదు. సూర్యుడు అశ్విని మొదలు రేవతి వరకు ఒక్కొక్క నక్షత్రమున నిలుచు పదమూడు, పదునాలుగు దినములకు కార్తె యని పేరు. ఇరువదియేడు కార్తెలు కలిసి సరిగా ఒక సూర్య సంవత్సరమగును. కావుననే మృగశిర కార్తె ఏటేట జూన్ 8వ తేదీ ప్రాంతముననే వచ్చును. ఆరుద్ర 22వ తేదీ ప్రాంతముననే వచ్చును.

చాంద్రమాన దినములు అట్లు కుదురుగా నుండవు. ఉగాది 2023లో మార్చి 22వ తేదీన వచ్చినది. 2024లో ఏప్రిల్ 9న. 2025లో మార్చి 30న. దుక్కికి మొదలైన ఏరువాక పున్నమి జ్యేష్ఠమాసమునకు చెందినది గనుక అదియు అట్లే కదలుచుండును. 2023లో జూన్ మొదటివారమున రాగా, 2024లో జూన్ 21, 22 తేదీల నడుమ వచ్చినది. పున్నమిని నమ్మి విత్తినవాడు ఒక ఏడు ముందుగను, ఒక ఏడు మూడు వారములు వెనుకగను విత్తవలసివచ్చును. వాన అంతవరకు వేచియుండదు. అందుచేత మన పెద్దలు ఎడ్లకు పూజచేసి నాగలి కదపుటకు పున్నమిని, గింజ చల్లుటకు కార్తెను నియమించుకొనిరి. ఒకటి ఉత్సవము, ఒకటి పని. 1955లో వెలువడిన ‘రోజులు మారాయి’ చిత్రమున కొసరాజు రచించిన ఏరువాక పాట ఊరూర మారుమ్రోగినది. ఆ చిత్రము మూలమున దుక్కి చూడని పట్టణపు తెలుగు పిల్లలకును ఆ మాట తెలిసినది.

కార్తెలనుగూర్చిన సామెతలు మన భాషలో మెండు. రోహిణిలో రోళ్ళు పగులుననియు, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడుననియు, ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదనియు ఇప్పటికిని వినుచుందుము. తెలుగు సామెతలను పెద్దయెత్తున ప్రోగుచేసి అచ్చువేసిన తొలి గ్రంథములలో నొకటి చెన్నపట్టణముననే వెలువడినది. కెప్టెన్ కార్ అను నతడు 1868లో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ యను పేర దానిని ప్రకటించెను. పొలములలో పుట్టిన మాటలు పట్టణపు ముద్రాలయమునకు చేరి భద్రపడినవి. కాని పుట్టినచోట పలికిన అర్థము, వచ్చినచోట పలుకునా యన్నది వేరు ప్రశ్న.

పలుకదనుటకు వానలెక్కయే సాక్ష్యము. గోదావరి, కృష్ణా తీరములందును తెలంగాణమునను నైరృతి ఋతుపవనము ప్రధానము. మృగశిర, ఆరుద్రలతో వాన మొదలై శ్రావణ భాద్రపదములలో నిండును. చెన్నపురి సంగతి వేరు. ఇచ్చట సంవత్సరమునకు సగటున 1400 మిల్లీమీటర్ల వాన కురియుననుకొన్నచో, అందులో పదింట ఆరుపాళ్ళు అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనమువలన కురియును. జూన్ నెల మొత్తముమీద పడు వాన నూరు మిల్లీమీటర్లకు లోపే. నవంబరు ఒక్కదానిలో దానికి నాలుగు రెట్లకు మించి పడును. మృగశిర ప్రవేశించిన దినమున రాజమహేంద్రవరమున ముంగిలి చల్లబడవచ్చును. మన మైలాపూరున, తండయారుపేటలో ఆనాటికి వడగాలి ఇంకను వీచుచుండును. ఆ దినమున తాతగారి మాట నమ్మి తోటకూర గింజలు చల్లినవానికి మొలకలు మాడిపోవుట తప్పదు. తప్పు కార్తెది కాదు. ఆ సామెత ఈ ఊరిది కాదు.

ఇట్లే ‘ఉత్తర చూచి ఎత్తర గంప’ యన్న సామెత యొకటి కలదు. ఉత్తర కార్తె సెప్టెంబరు 13వ తేదీ ప్రాంతమున మొదలగును. అప్పటికిని వాన పడనిచో ఆ యేడు పంట లేదు. గంప నెత్తిన పెట్టుకొని వలస పొమ్మని దాని భావము. మన పూర్వులలో ఎందరో అట్లు గంప యెత్తిన వారే. నేత, వర్తకము, కూలి, కొలువు అని దక్షిణమునకు దిగివచ్చిరి. వచ్చిచేరిన చోట ఆ సామెత తలక్రిందులైనది. చెన్నపురిలో ఉత్తర కార్తె నాటికి అసలు వాన ఇంకను రాలేదు. హస్త గడచి, చిత్త ముగియు సమయమునకు, అనగా అక్టోబరు మూడవ వారమునకు, ఈశాన్యపు మబ్బులు సముద్రముమీదినుండి కదలివచ్చును. స్వాతి, విశాఖ, అనూరాధలు ఇచ్చటి నిండు వానకార్తెలు. 2015వ సంవత్సరమున పట్టణమును ముంచివేసిన డిసెంబరు 1వ తేదీనాటి మహావర్షము అనూరాధ ముగిసి జ్యేష్ఠ ప్రవేశించు తరుణమున కురిసినది. ఉత్తర చూచి గంప యెత్తినవారు, మరి నాలుగు వారములు ఓపిక పట్టిన వాన చూచు ఊరికి వచ్చి స్థిరపడిరి. నెల్లూరు సీమవారికి మాత్రము ఈ కార్తెలు కొత్త కావు. వారి వానయు ఇదియే గనుక వారి అనుభవము మనకు చేరువైనది.

మన పొరుగువారి ‘ఆడిపట్టం తేడి విదై’ యన్న సామెతనుగూడ ఇచ్చట తలంపవలెను. ఆడి నెలలో అదను చూచి విత్తుమని దాని యర్థము. జూలై నడుమ మొదలగు ఆ నెల కావేరికి కొత్తనీరు వచ్చు కాలము. అది తంజావూరు పొలములకు తగిన మాట. చెన్నపురి ఇసుకనేలకు గోదావరి మాటయు పూర్తిగా సరిపడదు, కావేరి మాటయు పూర్తిగా సరిపడదు.

సామెతలను మార్చరాదని కొందరనుకొనవచ్చును. కాని అవి మారుచునే వచ్చినవి. కార్తెలు నక్షత్రములను పట్టి నడచునవి. ఋతువులు సూర్యుని అయనములను పట్టి నడచునవి. ఈ రెండింటికి సంవత్సరమునకు ఇరువది నిమిషముల తేడా కలదు. సుమారు డెబ్బది రెండేండ్లకు ఒక దినమగును. వరాహమిహిరుని కాలమునుండి నేటికి ఇరువది దినములు పైబడి జరిగినది. తన కాలమునాటికే అయనము పూర్వగ్రంథములలో చెప్పిన చోటనుండి జరిగిపోయినదని అతడే గుర్తించెను. అనగా నాటి మృగశిర కార్తె మే నెల నడుమ, మండుటెండలలో వచ్చెడిది. నేటి వానకు సరిగా సరిపోవుచున్న మృగశిర సామెత వేయిన్నర ఏండ్లనాటిది కానేరదు. జనులు వాన చూచి మాటను దిద్దుకొనుచు వచ్చిరనియే మేము తలంతుము.

పంచాంగ గణితమునందును ఇట్టి దిద్దుబాటు ఈ పట్టణముననే జరిగినది. నుంగంబాకము నక్షత్రశాలలో సహాయకుడుగా నుండిన చింతామణి రఘునాథాచార్యులు 1867లో కాంతి మారుచుండు నక్షత్రమునొకదానిని కనుగొని ప్రసిద్ధికెక్కెను. 1868 ఆగస్టు 18వ తేదీనాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు నక్షత్రశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకు పోగా, రఘునాథాచార్యులు వనపర్తిలో విడిసి పరిశీలించెను. పాత వాక్యములనుబట్టి గుణించిన తిథులకును కంటికి కనబడు చంద్రునికిని పొంతన తప్పుచున్నదని చెప్పి, ప్రత్యక్షమునకు సరిపడు దృగ్గణిత పంచాంగమును అతడు వెలువరించెను. పెద్దలయందు భక్తికలవారు కొందరు ఆక్షేపించిరి. కాని చంద్రుని మాట చంద్రునినే యడుగవలెనన్న ఆయన పద్ధతి నిలిచినది. తోట విషయమునను అదే పద్ధతి తగును. మొక్క మాట మొక్కనే యడుగవలెను.

అట్లు అడిగినవారు దేశదేశముల కలరు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీకి తోటల యధికారియైన లా కింతినీ ముప్పది ఏండ్లకు పైగా చంద్రుని గమనించి, అందు సారము లేదని తేల్చెను. అతని గ్రంథము 1690లో అచ్చయినది. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ చేసిన ఉపన్యాసములనుండి పుట్టిన సేద్యపద్ధతివారు చంద్రగతికి మరల ప్రాధాన్యమిచ్చిరి. జర్మనీలో మరియా థూన్ 1963 మొదలు విత్తు దినముల పంచాంగమును ప్రకటించినది. 2020లో స్పెయిన్ దేశపు పరిశోధకులు ఈ వాదములన్నిటిని భౌతికశాస్త్రముతోను వృక్షశాస్త్రముతోను పోల్చిచూచి, నమ్మదగిన ఆధారము లేదని ప్రకటించిరి. కారణము స్పష్టము. నిండుపున్నమి వెన్నెల సూర్యకాంతిలో నాలుగు లక్షల వంతు. మహాసముద్రమును పొంగించు చంద్రాకర్షణము భూగోళమంత విస్తారముమీద పనిచేయునది. పొట్లగింజలోని నీటిబొట్టుమీద దాని ప్రభావము గణనకు రాదు.

వెదురు సంగతి చూడుడు. పుచ్చుపురుగు తినునది వెదురులోని పిండిపదార్థము. ఏ ఋతువున నరికితిమి, ముదిరినదానిని నరికితిమా లేతదానినా, నరికిన పిదప నీట నానవేసితిమా అన్నవే ముఖ్యము. నానవేసిన వెదురునుండి ఆ పిండి నీటిలో కరగిపోవును. చిక్కుడు మరియొక నిదర్శనము. మన పాత నాటు చిక్కుడు పగటిపొద్దు తగ్గినగాని పూయదు. చెన్నపురిలో వేసవి పగటికిని శీతకాలపు పగటికిని గంటన్నర తేడాయే. ఆ కొద్ది తేడాను ఆ తీగ కనిపెట్టును. శుక్లపక్షమున పెట్టినను, కృష్ణపక్షమున పెట్టినను అది కాచునది చలిదినములలోనే. రథసప్తమినాడు చిక్కుడాకులలో సూర్యునికి నైవేద్యము పెట్టి, చిక్కుడుకాయలతో రథము కట్టుట మన ఆచారము. ఆ తీగ ఎవరి ఆజ్ఞకు లోబడినదో మన స్త్రీలు ఎరిగియే ఆ పూజను కల్పించిరా యనిపించును.

అంతమాత్రమున చంద్రుని పెరటినుండి వెడలగొట్టనక్కరలేదు. రాత్రి తిరుగు పురుగులు పలుజాతులవి వెన్నెలనాడు దీపములకు తక్కువగా చిక్కునని కీటకశాస్త్రజ్ఞులు ఎరుగుదురు. మధ్యధరా ప్రాంతపు ఎఫెడ్రా జాతి మొక్క యొకటి పున్నమి దినములలోనే పరాగమునకై తేనెబొట్లను వెలువరించునని 2015లో స్వీడను పరిశోధకులు వర్ణించిరి. అన్నిటికిని మించి, గడియారము లేని ఇంటికి చంద్రుడే పనిపట్టిక. పాడ్యమికి ఎరువు, అష్టమికి కలుపు, పున్నమికి పాదు తవ్వుట అని పెట్టుకొన్నవాని తోటకు పదిహేను దినములకొకసారి తప్పక చేయి తగులును. శుక్లపక్షపు సాయంకాలములలో, ఎండ చల్లారిన పిదప వెన్నెలలో నీరు తోడుకొను వెసులుబాటు కలుగును. మొక్కకు మేలు చేసినది వెన్నెల కాదు. వెన్నెల చూచి పెరటిలోనికి వచ్చిన మనిషి.

ఆ పెరడే నేడు కరవైనది. చింతాద్రిపేట వెలసిన చోటు పూర్వము సుంకురామసెట్టి యను తెలుగు వర్తకుని తోట. 1734లో కంపెనీవారు దానిని తీసికొని నేతగాండ్రకు పేట కట్టించిరి. నాటినుండి నేటివరకు తోటలు పేటలగుటయే ఈ పట్టణ చరిత్ర. 1835లో ఉద్యాన సంఘమొకటి ఏర్పడినను ఆ నడక ఆగలేదు. మన కుటుంబములలో పెక్కింటికి ఇప్పుడున్నది మిద్దెమీది కుండీలు, కిటికీ ప్రక్కని తులసి. చోటు తగ్గినకొలది మాటలును తగ్గినవి. పాదు, పిలక, అంటు, చిడుము, మడి, కార్తె అన్న పదములు బడిలో రావు. చేతికి మన్ను అంటినప్పుడే నోటికి వచ్చును. తెలుగు బడి దూరమైన పిల్లలకు ఇట్టి పదములు అందు మార్గము ఈ కుండీలు తప్ప మరియొకటి మాకు కనబడదు.

కావున మా విన్నపము చిన్నది. ఇంటింట ఒక పుస్తకమున కార్తెల పేర్లు ఇరువదియేడును వ్రాసి, ఏ కార్తెలో మన మిద్దెమీద ఎంత వాన కురిసినది, ఏ గింజ మొలచినది, ఏది మాడినది పిల్లలచేత వ్రాయింపుడు. శుక్లపక్షమున నాలుగు, కృష్ణపక్షమున నాలుగు గింజలు పెట్టించి కొలిపింపుడు. ఫలము ఏదైనను దాచవలదు. అయిదారేండ్లు గడచిన పిదప ఆ పుస్తకములను సంఘమున ఒకచోట చేర్చినచో, గోదావరిది గాక, కావేరిది గాక, చెన్నపురి తెలుగువారిదైన కార్తెల వాడుక ఏర్పడును. ‘చిత్త చివర చినుకు, స్వాతి మొదట మొలక’ అని మేమొకటి అల్లి చూచితిమి. అది నిలుచునో నిలువదో ఈ పట్టణపు వానలు చెప్పవలెను. మన పిల్లలు దానిని దిద్ది మరియొకటి చెప్పినచో, తెలుగు ఇచ్చట బ్రతికియున్నదనుటకు అంతకుమించిన గుర్తు అక్కరలేదు.